కంట్రోల్ రూములో కనిపించని నీరుకట్టి



తిరుచ్చులి, అరుప్పుకోట ప్రాంతాల్లో చెరువు కింద సేద్యం చేసినవారికి నీరుకట్టి సంగతి వేరే చెప్పనక్కర లేదు. పొలానికి నీరు వచ్చిందా లేదా అనే మనం చూస్తాం. అర్ధరాత్రి తూము తీసి, కాలువ వెంట తిరిగి, తెల్లవారేలోగా వంతు మార్చిన మనిషి మన కంటపడడు. అతడు రాని రోజున మాత్రం అందరికీ గుర్తొస్తాడు.

యంత్రాలను నడిపే కంప్యూటర్లలో కూడా ఇటువంటి పనివాళ్ళు ఉన్నారు. నూలు మిల్లులు కానివ్వండి, కయత్తారు గాలిమరలు కానివ్వండి, 2016లో ప్రారంభమైన 648 మెగావాట్ల కముది సౌరవిద్యుత్ కేంద్రం కానివ్వండి, ఇలాంటి చోట్ల తెరమీద కనిపించే బొమ్మలూ అంకెలూ కొంత భాగమే. వాటి వెనుక చిన్న చిన్న ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు నడుస్తుంటాయి. ఒకటి యంత్రం దగ్గరి వేడినీ వేగాన్నీ కొలిచి తెస్తుంది. ఒకటి ఆ లెక్కలు రాసి దాస్తుంది. మరొకటి కొలత హద్దు దాటితే అలారం మోగిస్తుంది. వీటిని విండోస్‌లో సర్వీసులంటారు, యూనిక్స్‌లో డీమన్లంటారు. డీమన్ అంటే భూతమే! 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. వారు, మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు ఊహించిన ఒక చిన్న భూతాన్ని తలచుకుని ఆ పేరు పెట్టారు. చెప్పిన పని చడీచప్పుడు లేకుండా చేసే భూతమన్నమాట.

ఆ చడీచప్పుడు లేకపోవడంలోనే చిక్కుంది. మోటారు ఆగితే మోత ఆగుతుంది, మనకు తెలుస్తుంది. అలారం మోగించవలసిన ప్రోగ్రామే ఆగిపోతే? అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని క్షేమమని అనుకుంటాం.

2003 ఆగస్టు 14న అమెరికాలో జరిగింది ఇదే. ఒహాయో రాష్ట్రంలో ఫస్ట్‌ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు అలారం ప్రోగ్రాము స్తంభించింది. దాన్ని నడిపే కంప్యూటరు 2:41కి పడిపోయింది. బదులుగా పనిలోకి వచ్చిన రెండో కంప్యూటరు ఆ స్తంభించిన ప్రోగ్రామునే నెత్తికెత్తుకుని 2:54కి తానూ పడిపోయింది. కంప్యూటరు విభాగంవారు దాన్ని మళ్ళీ నడిపించారు. అయితే, అలారం పనిచేస్తోందా అని కుర్చీలో కూర్చున్న ఆపరేటర్లను అడగలేదు. ఈలోగా బరువెక్కిన పెద్ద లైన్లు సాగి, చెట్లకు తగిలి ఒక్కొక్కటే ట్రిప్ అయి ఆగిపోతున్నాయి. సాయంత్రం 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్లమందికి కరెంటు పోయింది. చెట్లను సరిగా నరకకపోవడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ హెచ్చరిక అందివుంటే సర్దుకునే వ్యవధి వారికి ఉండేది.

మరి ఏం చేయాలి? ఆగిన ప్రోగ్రామును వెంటనే లేపే మేస్త్రీ ప్రోగ్రామును పెట్టడం మొదటి పని. అయితే పడినప్పుడల్లా గుడ్డిగా లేపడం మంచిది కాదు. నిమిషంలో మూడుసార్లు పడితే అది జ్వరం లాంటిది. లేపడం ఆపి మనిషిని పిలవాలి, ఎందుకు పడిందో రాసిపెట్టాలి. రెండోది, ప్రతి సహాయకుడూ కొన్ని సెకన్లకోసారి ‘ఉన్నాను’ అని కబురు పంపాలి. ఆ కబురు వేరే కంప్యూటరుకు చేరాలి. కబురు రాకపోతే అక్కడ గంట మోగాలి. తనతోపాటే పడిపోయే కాపలాదారు వల్ల ప్రయోజనం లేదు. తెరమీది ప్రతి అంకె పక్కన అది ఎప్పటిదో గడియారం చూపాలి. లేకుంటే అరగంట కిందటి కొలతను ఇప్పటిదని నమ్ముతాం. లేపిన తరువాత, ప్రోగ్రాము నడుస్తోందని సరిపెట్టుకోకుండా, పని జరుగుతోందా అని చూడాలి.

మీ ఇంటి పిల్లలెవరైనా ఇటువంటి చోట పనిచేస్తూ ఉంటే, ఈ రాత్రి షిఫ్టుకు బయలుదేరేటప్పుడు ఒక్కమాట అడగండి: మీ దగ్గర అలారాన్ని ఆఖరుసారి ఎప్పుడు మోగించి చూశారు?