గుంట, గొలుసు, పిక్సెల్: ఓరుగల్లు నేలను కొలిచే సాధనాలు

నిజాం రాష్ట్రపు భూమి కొలతలో వాడుకలో ఉన్న గొలుసు పొడవు 33 అడుగులు. దానిని 16 అణాలుగా విభజించేవారు. ఆ గొలుసును నాలుగు వైపులా పరచగా ఏర్పడిన చదరమే గుంట. అనగా 1,089 చదరపు అడుగులు, లేదా 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. మీటర్లలో చెప్పవలసివస్తే గుంట భుజం 10.06 మీటర్లు. నేడు పంటల పరిశీలనకు విస్తృతంగా ఉపయోగిస్తున్న ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 ప్రధాన వర్ణపట్టీలలో ఒక్కొక్క పిక్సెల్ 10 మీటర్ల చదరం. ఇది కేవలం కాకతాళీయమే అయినా ఎంతో ఉపయోగకరమైన పోలిక. వరంగల్ జిల్లా రైతు తన భూమి మూడెకరాల పది గుంటలని చెప్పినప్పుడు, ఉపగ్రహ భాషలో సుమారు 130 పిక్సెళ్లను చెప్పినట్లే.

అయితే గుంట గట్టును అనుసరిస్తుంది. పిక్సెల్ గట్టును ఎరుగదు. ఒక ఎకరం చదరపు మడి పిక్సెళ్ల వరుసలకు సరిగ్గా సమాంతరంగా అమరినదనుకున్నా, సెంటినెల్-2 చిత్రంలో పూర్తిగా ఆ మడిలోనే ఇమిడే పిక్సెళ్లు 25 నుండి 36 వరకు మాత్రమే. మిగిలినవి సగం మన పత్తి, సగం పొరుగువారి మొక్కజొన్న. భారతీయ ఉపగ్రహం రిసోర్స్‌శాట్-2 లోని లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లు, అనగా సుమారు అయిదున్నర గుంటలు. అందులో అదే మడికి దక్కే శుద్ధమైన పిక్సెళ్లు నాలుగుకు మించవు. జిల్లాస్థాయి పంట విస్తీర్ణపు అంచనాకు లిస్-3 చక్కగా సరిపోతుంది. ఒక చిన్న రైతు మడికి సలహా చెప్పడానికి అది చాలదు. విద్యార్థులు ఉపగ్రహ చిత్రాన్ని తెరవగానే రంగుల వైపు చూస్తారు; మొదట చూడవలసినది పిక్సెల్ పరిమాణాన్ని.

రెండవ చిక్కు స్థానానికి సంబంధించినది. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరంగల్ నగరం మీదుగానే పోతుంది. అందువలన సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలలో హనుమకొండ వేయిస్తంభాల గుడి 56 ఎన్/12 షీటులోను, ఓరుగల్లు కోట 56 ఓ/9 షీటులోను చేరినవి. ఒకే నగరానికి రెండు కాగితాలు కావలసి రావడం చిన్న అసౌకర్యమే. పాత షీట్లు ఎవరెస్టు గోళాభం ఆధారంగా గీసినవి కావడమే అసలు సమస్య. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వేను కొనసాగించిన జార్జి ఎవరెస్టు 1830లో లెక్కకట్టిన భూమి ఆకారమది. జి.పి.ఎస్. మాత్రం డబ్ల్యు.జి.ఎస్.-84 అనే వేరొక ఆకారాన్ని అనుసరిస్తుంది. 2005 నాటి జాతీయ పట విధానం తరువాత వెలువడిన బహిరంగ శ్రేణి పటాలు కూడా దానినే అనుసరించినవి. వరంగల్ ప్రాంతంలో ఈ రెండింటి నడుమ తేడా వంద మీటర్లకు పైగానే ఉంటుంది. పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను సవరించకుండా చేతి పరికరంలో నమోదు చేసి నడిచిన విద్యార్థి మరొకరి చేనులో మట్టి నమూనా తీస్తాడు. పరికరం తప్పు చెప్పలేదు, పటమూ తప్పు చెప్పలేదు. రెండూ వేర్వేరు గోళాలను గురించి చెప్పినవి.

ఎత్తుల విషయంలో గొలుసుకట్టు చెరువులే మంచి ఉదాహరణ. గణపతిదేవుని కాలపు పాఖాల, రామప్ప చెరువుల నుండి ఊరి చివరి కుంట వరకు, పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరే ఏర్పాటు కొద్ది మీటర్ల వాలుపై ఆధారపడినది. 1:50,000 పటంలో సమోన్నత రేఖల అంతరం సాధారణంగా 20 మీటర్లు. రెండు రేఖల నడుమనే కొన్ని చెరువులు ఇమిడిపోవచ్చు. పటంపై చూస్తే అవన్నీ ఒకే మట్టాన ఉన్నట్లు తోస్తుంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 జంట చిత్రాల నుండి రూపొందించిన ఎత్తుల నమూనా ఈ లోటును కొంత తీర్చినది కాని, అందులోనూ దోషం కొన్ని మీటర్ల వరకు ఉండగలదు. తూము మట్టానికి, ఆయకట్టు చివరి మడికి నడుమ తేడా అంతకంటె తక్కువ. కాబట్టి వ్యవసాయ కళాశాల ప్రయోగశాల మూలన దుమ్ము పట్టిన డంపీ లెవెల్‌కు ఇంకా పని ఉన్నది.

కాలం కూడా ఒక కొలతే. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైనది. పూర్వపు వరంగల్ జిల్లా అంతటా లేతదశలో ఉన్న పత్తి చేలలో నీరు నిలిచినది. మేఘాలు కమ్మిన రోజులలో కంటికి కనిపించే వెలుగుపై ఆధారపడిన ఉపగ్రహాలు నిరుపయోగం. రాడార్ మేఘాన్ని దాటగలదు; కాని సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులోనే పనిచేయడం మానినందున, మిగిలిన దానికి అదే కక్ష్యలో తిరిగి రావడానికి 12 రోజులు పట్టేది. చల్కా నేలలో నీరు రెండు మూడు రోజులలో ఇంకిపోవచ్చు. వేళ్లకు ప్రాణవాయువు అందక మొక్క వడలిపోవడం ఆ తరువాత కనిపిస్తుంది. ఆలస్యంగా తీసిన చిత్రంలో చేను పొడిగానే ఉంటుంది. విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉండవలెను. ఈ నిర్ణయాన్ని ముంపు పటానికి మాత్రమే వదిలితే, నీరు తీసిన తరువాత మొక్క చనిపోయిన రైతు పేరు జాబితాలోకి ఎక్కదు. మన దేశపు రాడార్ ఉపగ్రహం ఇ.ఒ.ఎస్.-04 2022 ఫిబ్రవరి నుండి కక్ష్యలో ఉన్నందున చిత్రాల సంఖ్య పెరిగినది. అయినా మొక్క వేరును పెకలించి చూడవలసిన అవసరం తీరలేదు.

భూసార పటాల విషయంలో ఈ పొరపాటు మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు పథకంలో నీటిపారుదల భూములకు 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములకు 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున జి.పి.ఎస్. సహాయంతో సేకరించవలెనని నిర్ణయించారు. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. వరంగల్ పల్లెలలో అంత మేరలో మెరక మీద చల్కా, పల్లంలో రేగడి పక్కపక్కనే ఉండడం అరుదు కాదు. రెంటికీ నీటిని పట్టి ఉంచే శక్తి వేరు, ఎరువుకు స్పందన వేరు. గడి మధ్యన తీసిన ఒక్క నమూనా ఆ పాతికెకరాల రైతులందరికీ ఒకే మోతాదును సిఫారసు చేస్తుంది. పటంలో ఆ గడి ఒకే రంగులో నిండుగా కనిపిస్తుంది కనుక సందేహించేవారు లేరు.

ఇందుకు ఖరీదైన పరికరం అవసరం లేదు. గడిని నిర్ణయించే ముందు సెంటినెల్-2 వారి వేసవి చిత్రాన్ని పరిశీలిస్తే పంటలేని నేలలో ఎరుపు, నలుపు మట్టుల సరిహద్దు చాలా వరకు తెలుస్తుంది. ఆ గీతను గ్రామ నక్షాపై వేసుకొని, గట్టు వెంబడి నడిచి సరిచూసి, గీతకు రెండు వైపులా వేర్వేరు నమూనాలు తీయవచ్చు. నమూనా సంచిపై సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, అవి ఏ గోళాభానికి చెందినవో వ్రాయడంతోపాటు, ఆ నేలను రైతు ఏ పేరుతో పిలుస్తాడో కూడా వ్రాయవలెను: దుబ్బ, చల్కా, రేగడి, చౌడు.