పక్కింట్లో ఇచ్చేశాం మేడం

మీ పార్సిల్ డెలివరీ అయిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే గుమ్మం ముందు చెప్పుల స్టాండు తప్ప ఏమీ ఉండదు. వాచ్‌మన్‌ను అడిగితే తన చేతికి ఏదీ రాలేదంటాడు. తెచ్చిన కుర్రాడికి ఫోన్ చేద్దామంటే పొద్దున వచ్చిన నంబరు ఇప్పుడు పనిచేయదు. చివరికి ఎదురు ఫ్లాట్ బెల్లు కొడితే, "మీదా అండీ? మధ్యాహ్నం ఎవరో ఇచ్చిపోయారు, మావాడు ఎక్కడ పెట్టాడో" అంటూ ఆవిడ లోపలికి వెళ్తుంది. దొరికితే సరే. దొరక్కపోతే, నిన్నటిదాకా వినాయక చవితికి కలిసి చందాలు వసూలు చేసిన రెండిళ్లవాళ్లు లిఫ్టులో ఎదురుపడితే ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు.

అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ తగాదాలు, పైఫ్లాట్ నుంచి నీళ్లు కారే తగాదాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇది వాటి సరసన కొత్తగా చేరింది. మనం కోప్పడేది ఎప్పుడూ ఇద్దరి మీదే. ఒకరు తెచ్చినవాడు, రెండోవారు తీసుకున్న పక్కింటావిడ. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పక్కింట్లో ఇమ్మని ఎవరు చెప్పారు? డబ్బు కట్టినవాళ్లు చెప్పారా, లేదా? చెబితే ఒక లెక్క, చెప్పకపోతే ఇంకో లెక్క.

ముందు తెచ్చేవాడి సంగతి చూద్దాం. ఊరి చివర గోడౌన్ నుంచి సరుకు మన పేటలోని హబ్‌కు వస్తుంది. పొద్దున్నే అక్కడ సంచులు పంచుతారు. ఆ సంచి భుజానికో బండికో తగిలించుకుని బయల్దేరిన కుర్రాడికి చాలాచోట్ల నెలజీతం ఉండదు, ఇచ్చిన పార్సిల్‌కు ఇంత అని లెక్క. బండి తనదే, పెట్రోలూ తనదే. తలుపు తాళం ఉందని వెనక్కి తీసుకుపోతే ఆ తిరుగుడుకు దక్కేది సాధారణంగా సున్నా, పైగా రేపు మళ్లీ అదే మెట్లు ఎక్కాలి. అందుకే "మేడం, డోర్ లాక్ ఉంది, పక్క ఫ్లాట్‌లో ఇచ్చెయ్యనా?" అని అడుగుతాడు. అడిగేవాడు మంచివాడే. అడగకుండా ఇచ్చేసి, యాప్‌లో "అందింది" అని నొక్కేవాడితోనే వస్తుంది తంటా. అతణ్ని వెనకేసుకు రావడం లేదు. ఆ బటన్ నొక్కితేనే కూలి పడేలా పద్ధతి పెట్టినవాళ్లు వేరే ఉన్నారని గుర్తు చేస్తున్నానంతే.

మన గేట్లూ తక్కువేం కాదు. సెక్యూరిటీ దగ్గర పేరు రాయించుకోవాలి, పైనుంచి అనుమతి రావాలి, కొన్నిచోట్ల మామూలు లిఫ్టు ఎక్కనివ్వరు, సర్వీసు లిఫ్టు పనిచేయదు. కుక్కల భయం ఉండనే ఉంది. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఓ అపార్ట్‌మెంట్‌కు ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడు, పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి కిందపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అదే ఏడాది మణికొండలో ఇంకో డెలివరీ కుర్రాడు కుక్కకు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. "గేటు దగ్గర పెట్టేస్తా, కిందికి వచ్చి తీసుకోండి" అనే మాట వెనక బద్ధకమే ఉందనుకోవడం అన్యాయం.

ఇక చిరునామా. హైదరాబాద్ ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. పాత స్థలాల్లో కొత్త ఇళ్లు లేచినకొద్దీ వెనక బై నంబర్లు తగిలిస్తూ పోయారు. జూబ్లీహిల్స్‌లో 8-2-293/82 తో మొదలయ్యే ఇళ్లు ఎన్ని ఉన్నాయో అక్కడ తిరిగే ఏ పోస్ట్‌మన్‌ను అడిగినా నవ్వుతాడు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్ ఆరంకెలతో మనల్ని పోస్టాఫీసు దాకా చేరుస్తుంది, ఇంటి దాకా కాదు. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి తయారుచేసిన ఈ పది అక్షరాల గుర్తు, దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి ఏ గడిలో ఉన్నామో చెబుతుంది. విడి ఇళ్ల కాలనీకి, ఊళ్లో డాబాకి, పొలం గట్టు మీది షెడ్డుకి ఇది మంచి సాయం. కానీ అది నేల మీది చోటు చెబుతుంది, ఎత్తు చెప్పదు. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లో పన్నెండో అంతస్తూ నలభయ్యో అంతస్తూ దానికి ఒకటే. కాబట్టి బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, ఏ గేటు నుంచి రావాలో మనమే రాయాలి. "వచ్చి ఫోన్ చేయండి" అని రాస్తే చిరునామా అయిపోదు.

ఏది ఎవరికైనా ఇవ్వొచ్చు, ఏది ఆ మనిషికే ఇవ్వాలి అన్న తేడా మనకు కొత్త కాదు. మామూలు ఉత్తరాన్ని పోస్ట్‌మన్ తలుపు సందులోంచి లోపలికి తోసేవాడు. రిజిస్టర్డ్ ఉత్తరమైతే పేరున్న మనిషి సంతకం పెడితేనే ఇచ్చేవాడు, లేకపోతే చీటీ పెట్టి తిరిగి పట్టుకుపోయేవాడు. తిట్టుకుంటూనైనా పోస్టాఫీసుకెళ్లి తెచ్చుకునేవాళ్లం. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గానీ ఆ తేడాను వదల్లేదు. అయిదు రూపాయలూ పన్నూ అదనంగా కడితే పేరున్న మనిషికో అతను అధికారం ఇచ్చిన వ్యక్తికో మాత్రమే ఇస్తారు. ఇంకో అయిదు రూపాయలకు ఓటీపీ చెబితేనే ఇచ్చే ఏర్పాటుంది. ఏ పద్ధతి కావాలో పంపేవాళ్లు ముందే ఎంచుకుంటారు. ప్రైవేటు పార్సిళ్లలో చాలాసార్లు ఆ ఎంపిక గుమ్మం ముందు, ఎండలో, తొందరలో ఉన్న కుర్రాడి చేతిలో పడుతోంది.

మరి తీసుకున్న పక్కింటావిడ మాటేమిటి? ఆవిడ బాధను ఎవరూ రాయరు కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. అంతస్తులో నాలుగు ఫ్లాట్లుంటే మూడింట్లో ఇద్దరూ ఉద్యోగస్థులు. నాలుగో ఇంట్లో రిటైరైన మాస్టారూ, ఆయన భార్యా ఉంటారు. అంతే, వాళ్లిల్లు ఆ అంతస్తు మొత్తానికీ జీతంలేని గోడౌన్. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు బెల్లు. తీసుకోనంటే పొగరనుకుంటారేమోనని మొహమాటం. పండగ ఆఫర్ల రోజుల్లో హాలంతా అట్టపెట్టెలు. ఒకరి పెట్టెలో ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందులుంటాయి, పైన రాసింది ఆవిడకు కనబడదు. ఇంకొకరు ఫోన్ చేసి "ఆంటీ, క్యాష్ ఆన్ డెలివరీ, పదమూడు వందలు ఇచ్చేయండి, సాయంత్రం పంపిస్తా" అంటారు. ఆ సాయంత్రం ఒక్కోసారి శనివారం దాకా రాదు. ఇప్పుడు రిటర్నులు కూడా ఆవిడకే. "సైజు సరిపోలేదు పిన్నిగారూ, రేపు వచ్చి అడుగుతాడు, ఇచ్చేయండి." ఆ అడిగేవాడు అసలైనవాడో కాదో ఆవిడ ఎలా తేల్చాలి? ఇవన్నీ చాలవన్నట్టు, ఏం తెప్పించుకున్నారో ఆరా తీస్తుందని మన అనుమానం ఒకటి. పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు, కొన్నిసార్లు దుకాణం పేరు అచ్చుగుద్ది పంపినవాణ్ని వదిలేసి ఆవిణ్ని అంటే ఏం లాభం? అత్తగారికి తెలియకుండా చీర తెప్పించుకోవాలంటే మాత్రం ఆఫీసు అడ్రస్ ఇవ్వడమే మేలు, అది వేరే సంగతి.

చట్టం ఆవిణ్ని పూర్తిగా వదిలేయలేదు, అలాగని చిక్కుల్లోకీ నెట్టలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఒకరి వస్తువు ఇంకొకరి దగ్గర ఉంచడం గురించి నియమాలున్నాయి. 151వ సెక్షన్ ప్రకారం, వస్తువు ఉంచుకున్నవాళ్లు అలాంటి సొంత వస్తువును మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. పైసా తీసుకోకుండా ఉంచుకున్నా ఇది వర్తిస్తుంది. ఆ మేరకు జాగ్రత్తపడ్డాక కూడా వస్తువు పోతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, బాధ్యత వాళ్లది కాదని 152వ సెక్షన్ చెబుతుంది. అంటే పెట్టెను ఇంట్లో పెట్టిన ఆవిడ తప్పు లేదు. మెట్ల మీద వదిలేసి ఊరెళ్లిపోతే మాట పడాల్సి వస్తుంది. ఇక ఎవరైనా కావాలని పెట్టె విప్పి వాడుకుంటే అది ఇరుగుపొరుగు గొడవ కాదు, భారతీయ న్యాయ సంహిత కింద నేరం. మొదటినుంచే "నేను తీసుకోనండి" అనే హక్కు ఆవిడకు పూర్తిగా ఉంది. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు.

కంపెనీ బాధ్యత దగ్గరికొస్తే, మొదట్లో వేసిన ప్రశ్నే ముందుకొస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇందులో స్పష్టమైన రక్షణ ఉంది. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వస్తువు కొన్నవారి చేతికో వాళ్లు పేరు చెప్పిన వ్యక్తి చేతికో చేరేదాకా నష్టమేదైనా అమ్మినవాడిదే. కొన్నవాళ్లు చెప్పని పక్కింటికి ఇస్తే లెక్కలోకి రాదు. మన దగ్గర ఇంత సూటి వాక్యం లేదు. అయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. సేవలో లోపానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తన సైటులో పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. "డెలివర్డ్" అని తెర మీద కనిపించేది కంపెనీ చెప్పే మాట మాత్రమే. దానికి రుజువు చూపమని మనం అడగవచ్చు.

అడగడంలో ఆలస్యం పనికిరాదు. రాలేదని తెలిసిన రోజే యాప్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. ఎవరికిచ్చారు, ఏ టైముకి, ఫొటో ఉందా, ఓటీపీ ఎవరు చెప్పారు అని అందులోనే అడగండి. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది, కాబట్టి అసోసియేషన్ వాళ్లను అదే రోజు అడిగి ఆ ముక్క దాచుకోవాలి. ఫోన్‌లో "చూస్తాం మేడం" అన్న మాట సాక్ష్యం కాదు. కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే వేయవచ్చు, కట్టిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఎనిమిది వందల చెప్పుల జతకు కమిషన్ దాకా వెళ్తారా అంటే ఎక్కువమంది వెళ్లరు. చాలాసార్లు వెళ్లక్కర్లేదు కూడా, వివరాలతో రాసిన ఫిర్యాదుకే డబ్బు వెనక్కి వస్తుంది.

ఓటీపీ విషయంలో ఒక్క జాగ్రత్త. ఆ అంకెలు చెప్పడమంటే వస్తువు అందిందని సంతకం పెట్టడమే. పెట్టె మీ చేతిలోనో మీరు పంపిన మనిషి చేతిలోనో పడ్డాకే చెప్పండి. "మీరు బుక్ చేయని పార్సిల్ వచ్చింది, క్యాన్సిల్ చేయడానికి ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంత చేసినా అపార్ట్‌మెంట్‌లో సగం చిక్కు వాచ్‌మన్ దగ్గర ఆగుతుంది. సెల్లార్‌లో ఒక్క గదిలో కుటుంబంతో ఉండే మనిషి మోటారు వేయాలి, కార్లు తుడవాలి, ట్యాంకర్ వస్తే పైపు పట్టాలి. వాటి మధ్య రోజూ పార్సిళ్లు తీసుకుని ఏది ఎవరిదో గుర్తుపెట్టుకోవాలి. పోతే ముందు దొంగతనం అంటగట్టేది అతనికే. ఈసారి జనరల్ బాడీ మీటింగులో లిఫ్టు మెయింటెనెన్స్ బిల్లు మీద వాదన ముగిశాక ఈ విషయం ఎత్తండి. సెల్లార్‌లో తాళం వేసే ఒక ర్యాకు, ఇచ్చినప్పుడూ పుచ్చుకున్నప్పుడూ రాసే ఒక రిజిస్టరు, దాని మీదికి తిరిగిన ఒక కెమెరా పెట్టించండి. ఆ పని చూసే వాచ్‌మన్‌కు నెలనెలా ఇచ్చే డబ్బులో దానికంటూ విడిగా కొంత కలపండి.