మళ్ళీ రాని మట్టి

మొన్న శనివారం ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన రొయ్యల ప్యాకెట్ మీద "ఇండియా" అని చూసి మా తొమ్మిదేళ్ళ అబ్బాయి గంతులేశాడు. "నాన్నా, ఇవి బాబాయి చెరువులోవేనా?" "అయినా కావచ్చురా!" అన్నాను.

మాది కోనసీమ. ఒకప్పుడు వరి పండిన మా చేలో సగం ఇప్పుడు రొయ్యల చెరువు. అందులో పెంచే వనామీ రొయ్యకి పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో దాని సాగుకి అనుమతి వచ్చింది. అమెరికాల్లో పుట్టి, గోదావరి జిల్లాల్లో పెరిగి, మళ్ళీ అమెరికా కంచంలోకి! ప్రపంచీకరణ అంటే ఇదే కాబోలు.

ఆ డబ్బుతోనే చెల్లెలి పెళ్ళి చేశాం, కాదనను. కానీ పక్క చేలోకి ఉప్పు ఊరింది. ఇంటి బావి నీళ్ళు నోట పెట్టలేం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచగానే ఊళ్ళో రొయ్య ధర పడిపోయింది. అయినా తమ్ముడిది ఒకటే మాట: "అన్నయ్యా, ధర మళ్ళీ లేస్తుంది. మిగిలిన రెండెకరాలూ తవ్వించేద్దాం." ఏం చెప్పాలో తోచలేదు.

ఆదివారం అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం తెచ్చుకున్న తెల్లరాయి చూపించాడు. డాలస్ పరిసరాల్లో దొరికే సుద్దరాయి అది. సుమారు ఎనిమిదిన్నర కోట్ల ఏళ్ళ క్రితం ఇక్కడంతా సముద్రం! కంటికి కనపడని నాచు జీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని రాయయ్యాయి.

"మన ఊరి కింద కూడా ఇదేనా?"

"కాదు కన్నా, అక్కడ ఒండ్రు. త్రయంబకంలో పుట్టిన గోదావరి దారిపొడుగునా నేలను, దక్కను నల్లరాళ్ళను ఒరుసుకుంటూ తెచ్చిన మట్టి. కొంత మన డెల్టా అయింది, మిగతాది బంగాళాఖాతం అడుగున చేరింది."

"ఇప్పుడూ తెస్తోందా?"

ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నది మీద కట్టిన ఆనకట్టలు, జలాశయాల వెనక మట్టి నిలిచిపోయి, కిందికొచ్చే ఒండ్రు బాగా తగ్గింది. కొత్త మట్టి అందక డెల్టా కుంగుతోంది, తీరంలో చాలాచోట్ల సముద్రం నేలను కోసుకుపోతోంది. ఉన్న మట్టినీ మనమే ఉప్పుచేస్తే ఎలా?

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆ రెండెకరాల్లో వరే వేయి. నష్టమొస్తే నేను భరిస్తాను." కాసేపు మాట లేదు. "సరే అన్నయ్యా, ఈ ఏడాదికి నారు పోయిస్తా."

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మీ పిల్లల్ని కూడా ఒకసారి చేలో దింపండి. కాళ్ళకి మట్టైతే అవనివ్వండి!