బీపీ, షుగర్ ఉందా? దాచకండి: ఖతార్‌లో ఉన్నవాళ్లకు, ఇంటివాళ్లకు

ఉమ్ ఘువైలినాలో ఒక రూంకి పోయినప్పుడు ఒక అన్న కలిసిండు. రోజుకొకటి వేసుకోవాల్సిన బీపీ గోలీని సగం విరిచి వేసుకుంటున్నడు. అదేందన్నా అంటే, "ఊరి నుంచి వచ్చేటోడు ఇంకా బయల్దేరలే, అందాక సరిపెట్టాలె" అన్నడు. దవాఖానకు పోవచ్చు కదా అంటే, "కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపుతరు" అన్నడు. ఈ భయం చాలామందికి ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

హమద్ కార్డు

ఖతార్ ఐడీ వచ్చాక హెల్త్ కార్డు చేయించుకోండి. మనవాళ్లు హమద్ కార్డు అనేది దీన్నే. ఏటా 100 రియాల్స్ కట్టి రెన్యూవల్ చేయాలి. ఉమ్ ఘువైలినాలోనే ప్రభుత్వ హెల్త్ సెంటర్ ఉంది. కార్మికుల కోసం మిసైమీర్, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ లాంటి చోట్ల వేరే సెంటర్లు ఉన్నాయి. మీ కార్డు ఏ సెంటర్‌దో ముందే అడిగి తెలుసుకోండి. ఛాతీలో నొప్పి, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం లాంటివి అయితే ఆలోచించకుండా 999కి ఫోన్ చేయండి.

గోలీల పొట్లం

ఊరి నుంచి వచ్చేటప్పుడు డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించుకొని, 30 రోజులకు సరిపడా మందులే తెచ్చుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాకుండా లోపలి మందు పేరు (అమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ లాంటివి) రాయించండి. మన దగ్గరి బ్రాండు ఇక్కడ దొరకకపోవచ్చు, మందు దొరుకుతుంది.

వేరేవాళ్ల పొట్లం మాత్రం తేవద్దు. ట్రమడాల్, కోడీన్, ప్రీగాబలిన్, ఆల్ప్రజోలం, డయాజిపాం లాంటి వాటిపై ఇక్కడ కఠిన ఆంక్షలున్నాయి. మన ఊరి మెడికల్ షాపులో నొప్పికి, నిద్రకు ఇచ్చే గోలీల్లో ఇవి ఉండొచ్చు. ఎయిర్‌పోర్టులో దొరికితే జైలుదాకా పోతది. "నాకు తెల్వదు" అంటే వినరు.

సిక్ లీవు మీ హక్కు

2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పనిలో చేరి మూడు నెలలు దాటితే డాక్టర్ సర్టిఫికెట్‌తో సిక్ లీవు వస్తుంది. మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తర్వాత నాలుగు వారాలు సగం జీతం. ఆపైన జీతం ఉండదు. పన్నెండు వారాలు గడిచినా పనికి రాలేడని డాక్టర్ రాసిస్తేనే ఆ కారణంతో తీసేయొచ్చు. గోలీలు వేసుకుంటూ డ్యూటీ చేసేవాళ్లకు ఇది వర్తించదు. అందుకే ప్రతి చీటీ ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి.

ఎండలో

జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండలో పని చేయించరాదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఎండదెబ్బ ప్రమాదం ఎక్కువ. దాహం కాకున్నా నీళ్లు తాగుతుండాలె. కిడ్నీలు చెప్పకుండా చెడిపోతయి, ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.

ఇంటివాళ్లకు ఒక్క మాట: ఫోన్లో "పైసలు పంపినవా" అని అడిగే ముందు, "గోలీలు ఉన్నయా, వేసుకున్నవా" అని అడగండి.