ఎఱ్ఱనేలకు ముగ్గురు సాక్షులు

వేరుసెనగ యెండినప్పుడు మన అనంతపురపు సీమలో వాననే నిందింతుము. నేనును బడిలో “ఎఱ్ఱనేల సారము లేనిది” అని యొక్క వాక్యముతో పాఠము ముగించెడివాడను. అది చాలదు. నేల స్వభావమునకు సాక్షులు ముగ్గురు: పరీక్షాశాల, ఆకాశము, వాలు.

పరీక్షాశాల చెప్పునది యిది: ఈ గరపనేల గ్రానైటు జాతి రాళ్లు శిథిలమై యేర్పడినది. ఇనుపతుప్పు దీనికి రంగిచ్చినది. ఇసుక మెండు; బంకమన్ను, నత్రజని తక్కువ.

ఇక ఆకాశము. ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘము పడమటి కనుమలపై బరువు దించుకొని వచ్చును. తూర్పుసముద్రపు మేఘము మనదాక వచ్చుసరికి క్షీణించును.

లెక్క చూడుడు. అడుగు లోతు గరపనేల పైరున కందించు నీరు సుమారు 30 మిల్లీమీటర్లు. ఎదిగిన పైరు దినమునకు 5 మిల్లీమీటర్లు త్రాగును. ఆరు దినములలో నిలువ తీఱును! రెండడుగుల లోతున్నచో పండ్రెండు దినము లోర్చును.

ఆ లోతును నిర్ణయించునది వాలు. మిట్టమీది మన్ను కొట్టుకొనిపోయి పల్లమున చేరును. పరీక్షకు మన మంపునది సాధారణముగా పై ఆఱంగుళముల మన్నే. ఆ పత్రము లోతు చెప్పదు.

కావున విత్తుటకు ముందు మిట్టను, నడుమను, పల్లమును గుంతలు త్రవ్వి కొలువుడు. లోతు చాలనిచోట కొఱ్ఱయో, పశువుల మేతయో మేలు. వాలున కడ్డముగా దున్నుడు. నాడి యొక్కటే చూచి మంచి వైద్యుడు మందీయడు గదా!