బడి వెబ్‌సైటు: మనమే కట్టుకుందామా, మేస్త్రీని పిలుద్దామా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో అయితే వెబ్‌సైటు పెట్టి చూడు అని మూడోది కూడా చేర్చేవారేమో! బడికి వెబ్‌సైటు కావాలన్న మాట రాగానే తల్లిదండ్రుల సమావేశం రెండుగా చీలుతుంది. "మనలో ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళుండగా డబ్బు దండగ ఎందుకండీ?" అని కొందరు. "తెలిసినవాళ్ళకు అప్పగిస్తే ఎవరికీ తలనొప్పి ఉండదు కదా" అని మరికొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. అయితే అసలు ఖర్చు ఎక్కడుందో మాత్రం రెండూ చెప్పవు. ఆ లెక్కను పిల్లలకు కూడా అర్థమయ్యేలా వివరించాలని మా చిన్న ప్రయత్నం.

వెబ్‌సైటు అంటే ఏమిటి?

పిల్లలూ, వెబ్‌సైటును ఒక ఇల్లనుకోండి. ఇంటికి చిరునామా కావాలి. అది డొమైన్ పేరు. ఇల్లు కట్టడానికి స్థలం కావాలి. అది హోస్టింగ్, అంటే రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటర్‌లో కొంత చోటు. ఆ స్థలంలో కట్టే గదులే పేజీలు. చిరునామా, స్థలం రెండూ అద్దెవే. ఇల్లు ఎవరు కట్టినా ఆ అద్దె తప్పదు. 2024 సెప్టెంబరులో డాట్ కామ్ పేరు టోకు ధర ఏడాదికి 10.26 అమెరికన్ డాలర్లయింది. అమ్మే సంస్థ దానిమీద తన లాభం వేసుకుంటుంది. చిరునామా ఖర్చు అంత పెద్దదేమీ కాదన్నమాట. తేడా అంతా గదులు కట్టే కూలిలోను, ఆ తర్వాత ఊడ్చి తుడిచే పనిలోను ఉంది.

మనమే కట్టుకుంటే

2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాధనాలతో ప్రోగ్రామింగ్ రానివారు కూడా పేజీలు తయారుచేయవచ్చు. ఇక్కడ ఖర్చయ్యేది డబ్బు కాదు, సమయం. మొదట కట్టడానికి 60 గంటలు, ఆ తర్వాత నెలకు 2 గంటలు పడుతుందనుకుందాం. మూడేళ్ళకు 60, 72 కలిపి 132 గంటలు. తరగతి రెండు గంటలనుకుంటే అది 66 తరగతుల సమయం! పాఠం చెప్పే టీచరుగారే ఈ పని కూడా నెత్తిన వేసుకుంటే ఆ గంటలు పాఠాల్లోంచే తగ్గుతాయి. తరగతి తీసుకోని తల్లిదండ్రులెవరైనా ఇష్టపడి చేస్తే అది నిజమైన ఆదా.

నెలకు రెండు గంటలు ఎందుకంటారా? సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు తాజా చేయకపోతే దొంగలు దూరతారు. పైగా ఊరు మారుతూ ఉంటుంది. క్రాంజీ స్టేషన్ పక్కనున్న గుర్రప్పందాల మైదానంలో 2024 అక్టోబరు 5న చివరి పందెం జరిగింది. "పందాల రోజుల్లో రద్దీగా ఉంటుంది, ముందుగా బయలుదేరండి" అని దారి చెప్పే పేజీలో ఇంకా ఉంటే, కొత్తగా వచ్చిన కుటుంబం ఆ బడి నడుస్తోందా మూతపడిందా అని అనుమానపడుతుంది.

నిపుణులకు అప్పగిస్తే

ఇక్కడ డబ్బు పెడితే అనుభవం వస్తుంది. ఫోనులోనూ చక్కగా కనబడే పేజీలు, ఫీజు కట్టే ఏర్పాటు, చెప్పిన గడువు. అయితే వాళ్ళు చెప్పే ధరలో ఏవేవి కలిశాయో ముందే అడగాలి. ఎన్ని పేజీలు? ఎన్నిసార్లు మార్పులు చేస్తారు? ఏడాది తర్వాత ఒక తేదీ మార్చాలంటే మళ్ళీ డబ్బు ఇవ్వాలా? 2024 జనవరి నుంచి సింగపూర్‌లో జీఎస్‌టీ 9 శాతం. ఆ పన్నుకు నమోదైన సంస్థ పన్ను కలపకుండా 2,000 డాలర్లని చెబితే, మనం కట్టేది 2,180.

తెలుగు సంగతి విడిగా అడగాలి. మన సంచికల వంటివి అచ్చు వేయడానికి చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లలోని అక్షరాలను నేరుగా వెబ్‌పేజీలో అతికిస్తే అవి తెలుగుగా కనబడవు, పిచ్చిగీతలవుతాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది. మల్లన్న, మండలి, ఎన్టీఆర్ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర వారు ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టారు. తెలుగు రాని నిపుణులు తేలిక దారిగా అక్షరాలను బొమ్మగా మార్చి పెట్టే ప్రమాదముంది. అలాంటి పేజీలో ఒక్క ఒత్తు తప్పు పడినా మనం దిద్దుకోలేము. తెలుగు బడి వెబ్‌సైటులో తెలుగు తప్పులుంటే ఎంత చిన్నతనం!

తాళంచెవి ఎవరి దగ్గర?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. మనవి ఉద్యోగాల కుటుంబాలు. ఈ ఏడాది సింగపూర్‌లో ఉన్నవారు వచ్చే ఏడాది హైదరాబాదులోనో, సిడ్నీలోనో ఉండవచ్చు. చిరునామా వారి సొంత పేరున, అద్దె వారి సొంత క్రెడిట్ కార్డు మీద ఉంటే, వారితోపాటు వెబ్‌సైటు కూడా వెళ్ళిపోతుంది. నిపుణులు తమ పేరున రాయించుకున్నా అదే ఇబ్బంది. పూర్తిగా ఉచితమైన చోటూ శాశ్వతం కాదు. లక్షల మంది ఉచితంగా పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసివేసింది. దాచుకోనివారి ఫోటోలు, రాతలు పోయాయి.

డాట్ ఎస్‌జీ చిరునామాలకు ఇక్కడ ఒక నియమం ఉంది. కొత్తగా పేరు తీసుకున్నాక, బాధ్యుడిగా రాసిన వ్యక్తి 21 రోజుల్లోగా సింగ్‌పాస్‌తో ధ్రువీకరించాలి. లేకపోతే ఆ పేరును నిలిపివేస్తారు. అందుకని ఎవరి పేరు రాస్తున్నామో ఆలోచించి రాయాలి. ఆ వ్యక్తి ఊరు విడిచేముందే పేరు మార్పించాలి.

మా సూచన

తరగతుల వేళలు, దారి, ఫోను నంబరు, పాత సంచికలు. ఈ నాలుగూ చాలనుకుంటే మనమే కట్టుకుందాం. పెద్ద తరగతుల పిల్లలు తెలుగులో టైపు చేస్తే అది వారికి పాఠం కూడా. ఫీజు కట్టడం, పేర్లు నమోదు వంటివి కావాలనుకుంటే ఆ భాగం వరకే నిపుణులకు ఇచ్చి, రాతలు మార్చే పద్ధతి మనం నేర్చుకుందాం. పిల్లల ఫోటోలు పెట్టేముందు వారి అమ్మానాన్నలను అడగడం మరువవద్దు.

ఏ దారి ఎంచుకున్నా సరే, చిరునామా బడి పేరున ఉండాలి, తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలి, అద్దె కట్టే తేదీ బడి లెక్కల పుస్తకంలో రాసి ఉండాలి. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. ఇవి లేకపోతే ఎంత డబ్బు పోసినా, ఎన్ని గంటలు కష్టపడినా ఆ ఇల్లు మనది కాదు. రాబోయే సమావేశానికి వచ్చేముందు దయచేసి ఈ లెక్క మీ ఇంట్లో ఒకసారి వేసుకుని రావలసిందిగా మనవి.