ఉత్తేజక చూర్ణాలతో స్త్రీలకు బలం చేకూరుతుందా?

జిమ్‌కు వెళ్ళే ఆడపిల్లల తల్లులు ఇటీవల నా వద్దకు రంగురంగుల డబ్బాలు తెస్తున్నారు. వ్యాయామానికి ముందు ఒక కొలత చూర్ణం నీటిలో కలిపి త్రాగితే బలం పెరుగునని వాటిపై వ్రాసి ఉంటుంది. అది నిజమేనా, అమ్మాయికి ఇవ్వవచ్చునా అని వారి ప్రశ్న.

పెద్ద పెద్ద పేర్ల నడుమ, ఇటువంటి చూర్ణాలలో ఉత్తేజం కలిగించే ముఖ్య ద్రవ్యం సాధారణంగా కెఫీన్. మన కాఫీ, టీలలో ఉన్నదే. అలసటను తెలియజేసే అడినోసిన్ అనే పదార్థం మెదడులో పని చేయకుండా కెఫీన్ అడ్డుకొంటుంది. అలసట తీరిపోదు, తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది.

ఫలితమే లేదని నేననను. స్త్రీలపై జరిగిన పరీక్షలను మాత్రమే ఏర్చికూర్చి 2021లో పరిశీలించగా, కండరాల బలంలోనూ ఓర్పులోనూ కొంత పెరుగుదల కనబడింది. అది స్వల్పమైనది. పైగా ఆ పూటకు మాత్రమే. కండను పెంచేది వ్యాయామం, ఆహారం, నిద్ర.

ఇందుకు కావలసిన మోతాదు శరీరపు బరువులో కిలోకు 3 నుండి 6 మిల్లీగ్రాములు. 60 కిలోల స్త్రీకి 180 నుండి 360 మి.గ్రా. అన్నమాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుండి 120 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. అనగా వేల రూపాయల డబ్బా చేసే పని రెండు కప్పుల కాఫీతోనే జరుగుతుంది! రోజుకు 300 మి.గ్రా. మించరాదని కూడా ఆ సంస్థ హెచ్చరించింది. పై మోతాదు ఒక్కసారికే ఆ హద్దు దాటుతుంది. గుండెదడ, వణుకు, నిద్రలేమి అందువలననే కలుగుతాయి.

స్త్రీల విషయంలో మరొక విశేషం కలదు. తీసుకొన్న కెఫీన్‌లో సగం సుమారు 5 గంటలలో శరీరం నుండి తొలగిపోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఇంచుమించు రెట్టింపు కాలం పడుతుంది, నెలలు నిండే గర్భిణులకు అంతకన్న ఎక్కువ. గర్భిణులు ఈ చూర్ణాల జోలికి పోరాదు.

“మూలికలతో చేసినది” అని వ్రాసినంత మాత్రాన నిరపాయమని భావించరాదు. ఎఫిడ్రా మూలికయే. అది కలిసిన శక్తి మాత్రలు, బరువు తగ్గించే మాత్రలు గుండెపోటుకు, పక్షవాతానికి దారితీసే ప్రమాదమున్నదని 2004లో అమెరికా ప్రభుత్వం వాటి అమ్మకాన్ని నిషేధించింది.

శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమని అష్టాంగహృదయం చెబుతుంది. ఆ సగమెక్కడో తెలిపేది అలసటే కదా! దానిని కప్పిపుచ్చితే హద్దు తెలిసేదెట్లు?

అసలు ఆ అలసట దేనివలన? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లకు కావలసినది ఇనుము, ఉత్తేజకం కాదు. భోజనంతోపాటు త్రాగే కాఫీ, టీలు ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనీయవు. భోజనానికి గంట ముందు, గంట తరువాత వాటిని మానవలెను. తోటకూర, పప్పు వండినపుడు నిమ్మరసం పిండినా, ఉసిరికాయ పచ్చడి చేర్చినా ఇనుము బాగుగా గ్రహింపబడుతుంది.

కావున తల్లులారా, ముందుగా అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాములకు తక్కువ ఉంటే డబ్బాను ప్రక్కన పెట్టి వైద్యుని సంప్రదించండి. సరిగా ఉండి, రక్తపోటు, గుండె జబ్బు లేనట్లయితే, వ్యాయామానికి గంట ముందు ఒక కప్పు కాఫీ చాలును. సాయంకాలం జిమ్‌కు వెళ్ళేవారు అదీ మానడం మేలు, ఆ రాత్రి నిద్ర చెడకుండా.